సున్నకు ఊరు లేదు

చైత్ర శుద్ధ పంచమి. మంచినీటి మట్టం ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాలు. ఉప్పు లేదు.

ఉప్పుగేటు పెద్ద లస్కరు మోరు పెద్దిరాజు చెప్పి రాయించిన చిట్టా ఇది. నేను చెబుతుంటే రాతపెట్టె రాస్తుంది. మాట సరిచేసి మరీ రాస్తుందట. సరిచేస్తే చేయనీ. అబద్ధం మాత్రం చేర్చొద్దని ముందే చెప్పాను.

పొద్దున మూడు షట్టర్లకీ గ్రీజు పెట్టాను. రెండో షట్టరు పళ్ళచక్రంలో చుట్టుకున్న గుర్రపుడెక్క కోసి తీశాను. గేటుకి ఇవతల మన మంచినీళ్ళు, అవతల సముద్రం. మా తాతల నాడు సముద్రం ఇక్కడికి పది కోసుల దూరంలో ఉండేదట. ఇప్పుడు నేను ఉమ్మితే అందులో పడుతుంది. పెదలంక, కొంగలంక, చిలకలంక, మూడు లంకల్లో కలిపి పదకొండు వందల మందిమి. వానలు పడేదాకా ఈ నీళ్ళే తాగాలి. వానలకి ఇంకా రెండున్నర నెలలుంది.

షట్టరు ఎత్తాలన్నా దించాలన్నా పెదలంక నీటిసభ నుంచి గేటు పలక మీదికి లింకు వస్తుంది. నేను బొటనవేలు పెడితే మోటారు కదులుతుంది. నోటిమాట గేటు దగ్గర చెల్లదు. గొంతులు దొంగిలించే రోజుల్లో, చచ్చిపోయిన మా అన్న గొంతుతో నాకు ఫోను వచ్చింది, తమ్ముడూ గేటెత్తరా అని. నేను ఎత్తలేదు. దక్షిణం గేటు లస్కరు వాళ్ళమ్మ గొంతు విని ఎత్తాడు. అటువైపు ఇప్పుడు లంకలు లేవు. అప్పటి నుంచీ గొంతు చెల్లదు, మొహం చెల్లదు. అక్షరం ఒక్కటే చెల్లుతుంది.

ఇవాళ అక్షరం కూడా దొంగది వచ్చింది. మూడో షట్టరు అర అడుగు ఎత్తమని లింకు. కింద పెదలంక నీటిసభ అనే ఉంది. వేలు పెట్టబోయి ఆగాను. పెదలంకలో 'ద' నాకు నచ్చలేదు. మన 'ద' నెత్తిన పిలకలాగా తలకట్టు ఉంటుంది. దీని నెత్తిన అడ్డదూలం ఉంది. కుర్రతనంలో పూడిక తీసే ఓడ మీద కన్నడం వాళ్ళతో రెండేళ్ళు పనిచేశాను. వాళ్ళ బియ్యం బస్తాల మీద ఈ దూలం చూశాను. లింకు నొక్కకుండా సభకి దోనె పంపాను. అలాంటి ఉత్తరువు తాము పంపలేదని వాళ్ళు చెప్పారు.

ఎవడు పంపాడో తెలియదు. మేము ఖాళీ చేసిపోతే ఈ నేల ఎవడికి పనికొస్తుందో వాడే పంపి ఉంటాడు. అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.

చైత్ర శుద్ధ దశమి. మట్టం ఎనిమిది అడుగుల రెండు అంగుళాలు. ఉప్పు లేదు.

ఈ అయిదు రోజుల్లో ఇంకో రెండు దొంగ లింకులు వచ్చాయి. ఒకదానిలో 'క' మీద దూలం, ఇంకోదానిలో 'స' మీద దూలం. రెండూ పట్టాను. సభ నన్ను మెచ్చుకుంటూ కాగితం పంపింది. సెక్రటరీ షరీఫ్ గారు బియ్యం పడవ మీద నిలబడి మూడు లంకలకీ దాన్ని చదివి వినిపించాడు. చిలకలంక వాళ్ళు ఎండు చేపలు పంపారు. నా కళ్ళకి డెబ్బై రెండేళ్ళు. ఈ గేటు మీద వాటికి సాటి కళ్ళు లేవు.

రెండో లస్కరు సౌభాగ్యానికి మాత్రం ఇది నచ్చలేదు. చిలకలంక పిల్ల, నలభై ఏళ్ళది, పదో తరగతి దాకా చదివింది. పని బాగా చేస్తుంది. నోరే కాస్త ఎక్కువ. మధ్యాహ్నం అన్నం తింటూ మొదలుపెట్టింది.

"కన్ను ఎన్నాళ్ళు ఆగుద్ది బాబాయ్? వాడు పంపిన దారిలో మనం ఎల్లటం దేనికి? సభ పేరు ఎనిమిదే అచ్చరాలు. పలక మీద నీ చేత్తో రాసి, సభ తన ఉత్తరువులు ఉంచే పెట్టెలోకి నేరుగా ఎల్లు. ఉత్తరువు నిజమైతే ఆడా ఉంటది. లేదంటే దొంగది."

"నీకు తీరికుందమ్మా, నువ్వు రాసుకో. నాకు కళ్ళున్నాయి," అన్నాను.

నా పలక మీద ఆమె రాయకూడదని నాకు తెలుసు. మా వాళ్ళలో ఒకడు నిలబడ్డ దోనెలో ఇంకొకడు గడ పట్టడు. పెద్ద లస్కరు పలక కూడా అంతే. నేను ఉన్నంతకాలం దాన్ని ముట్టుకునేవాళ్ళు లేరు. ఆమె కంచం కడుక్కుని వెళ్ళిపోయింది.

చైత్ర పౌర్ణమి. మట్టం చెప్పడానికి లేదు. ఉప్పు వచ్చింది.

రాతపెట్టే, ఇది ఉన్నదున్నట్టు రాయి.

తెల్లవారుతుండగా లింకు వచ్చింది. పాటు బాగా ఉంది, రెండో షట్టరు నాలుగు అంగుళాలు ఎత్తి అడుగున పేరుకున్న మురుగు వదలమని. న్యాయమైన ఉత్తరువే. సముద్రం వెనక్కి లాగుతున్నప్పుడు మురుగు వదలడం నెలకి రెండుసార్లు చేసే పనే. సభ పేరులో ఒక్కో అక్షరం చూశాను. 'ద'కి పిలక ఉంది. 'క'కి పిలక ఉంది. 'స'కి ఉంది, 'భ'కి ఉంది. పదిసార్లు చూశాను. అప్పుడే వేలు పెట్టాను.

నల్లటి మురుగు బాగానే బయటికి పోయింది. పాటు ఆగింది. పోటు తిరగబోతోందని షట్టరు దించబోయాను. దిగలేదు. ఎత్తమన్నవాడే దించమనాలని పలక అంటోంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. అప్పటికి నీళ్ళు రెండు వైపులా సమానమై నిలబడ్డాయి. నిలబడ్డ నీళ్ళలో ఒక ఆకు మెల్లగా మా వైపుకి తిరిగింది. ఆ ఆకుని నేను చూశాను.

సౌభాగ్యం మట్టితో నింపిన దోనెని గేటుకి అడ్డంగా ముంచింది. నేను మోటారు సీల విరగ్గొట్టడానికి సమ్మెట పట్టాను. మూడు గంటలు పట్టింది. షట్టరు తన బరువుకి తను పడింది. ఇక లేవదు.

రెండో షట్టరు కాలవ కొంగలంక చెరువులోకి పోతుంది. సాయంత్రం అక్కడి నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాను. మూడు వందల నలభై మంది తాగే నీళ్ళు అవి. గట్టు మీద ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. కొల్లాటి భద్రయ్య అని ఆ లంక పెద్ద, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, నా కాళ్ళ ముందు ఉమ్మి వెళ్ళాడు.

చైత్ర బహుళ తదియ. మట్టం ఏడు అడుగుల ఒక అంగుళం. కొంగలంక చెరువు లెక్కలో లేదు.

విచారణకి షరీఫ్ గారు వచ్చాడు. చేతిలో కొత్తరకం పరీక్షయంత్రం ఉంది. గేటు పలక మీద ఆ పౌర్ణమి లింకుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచి పెదలంకలో 'ల' పక్కన వేలు పెట్టాడు.

"పెద్దిరాజు గారూ, ఈ సున్న మనది కాదండి."

"సున్నకి ఊరేంటండీ?"

"మన కంటికి లేదండి. యంత్రానికి ఉంది. మన సున్నా గుండ్రమే, కన్నడం వాళ్ళదీ గుండ్రమే, మలయాళం వాళ్ళదీ గుండ్రమే. యంత్రం లోపల మాత్రం దేని నంబరు దానిది. ఈ పలక ఆ నంబరు చూసి ఎటు పొమ్మంటే అటు పోయింది. మీరే కాదు, నేనున్నా నొక్కేవాడిని. ఎవరి కన్నూ పట్టదు."

ఆ మాట నాకు ఆకలిగొన్నవాడికి అన్నంలాగా ఉంది. తప్పు నాది కాదని సభే అంటోంది. కాగితం మీద కూడా అలాగే రాసుకున్నాడు. అప్పుడు సౌభాగ్యం వైపు చూశాను.  గ్రీజు డబ్బా మూత బిగిస్తూ కూర్చుంది. చేత్తో రాసి ఉంటే పట్టుబడేదని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు.

ఆ పరీక్షయంత్రం గేటుకి ఇమ్మన్నాను. సభకి ఉన్నది ఒకటేనట. గేటు పలక సీలు వేసిన పాత సరుకు, కొత్తది వానల తర్వాతే వస్తుందట. ఈలోపు కొత్త ఆజ్ఞ. లస్కరు ఏ లింకూ నొక్కకూడదు. సభ పేరు తన చేత్తో రాసి పెట్టె తెరిచి అందులో ఉత్తరువు ఉంటేనే కదలాలి. చేతిరాతలో పలకకి మన అక్షరాలు తప్ప వేరేవి నేర్పలేదు కాబట్టి చేత్తో గీసిన సున్న మన సున్నే అవుతుందట. ఇంకోమాట కూడా చెప్పాడు. పేరు తప్పు రాసేవాళ్ళ కోసం కూడా ఆ దొంగలు పెట్టెలు తెరిచి పెట్టుకుని ఉంటారట. అందుకని ఒక్క గీత తేడా రాకూడదు.

"మీకు రాత వచ్చు కదండీ?" అని అడిగాడు.

వచ్చు అన్నాను.

చైత్ర బహుళ సప్తమి. మట్టం ఆరడుగుల తొమ్మిది అంగుళాలు.

కొంగలంక వాళ్ళకి మనిషికి రోజుకి రెండు చెంబులు. గేటు పక్క తొట్టి దగ్గర నుంచే పడవలో పోస్తున్నాం. మట్టం అనుకున్నదానికంటే తొందరగా దిగుతోంది. ఇలాగైతే వానలకి ముందే నేల కనిపిస్తుంది.

ఇవాళ ఉత్తరువు వచ్చింది. నేను కొత్త ఉపాయం పట్టాను. పలకలో పోయిన ఏటి లింకులన్నీ ఉన్నాయి. అవన్నీ బాగా పనిచేసినవే. అందులో ఒకదాని మీద వేలు ఆనించి ఉంచితే సభ పేరు లేచి వస్తుంది. దాన్ని తెచ్చి రాసే చోట దించాను. పెట్టె తెరుచుకుంది. సభ ముద్ర కూడా ఉంది. లోపల మొదటి షట్టరు రెండు అంగుళాలు ఎత్తమని ఉత్తరువు. సౌభాగ్యాన్ని పిలిచి చూపించాను. చూశావా, రాయడం ఎంతసేపు అన్నాను.

ఆమె పలక వైపు కాదు, నా చేతి వైపు చూసింది.

"బాబాయ్, రాసావా, ఎత్తి పెట్టావా?"

ఎత్తి పెడితే ఏమైందన్నాను. నిరుడు పనిచేసిన పేరే కదా అన్నాను. ఆమె నేల మీద కూలబడి, నిరుడు ఆ లింకు ఏ పనికి వచ్చిందో గుర్తుందా అని అడిగింది. లెక్కకోసం మట్టం ఎంతో చెప్పమని వచ్చింది. నేను చెప్పాను. అంతే. అందులో ఎత్తేదీ దించేదీ లేదు. సభకైతే మట్టం లెక్క దోనెలోనే పోతుంది, లింకులో అడగదు. మన మట్టం, మన షట్టర్లు, మన పోటు వేళలు ఏడాదిగా ఎవరికో నేనే చెబుతూ వచ్చానన్నమాట. నిరుటి సున్న కూడా మనది కాదు.

మొదటి షట్టరు పెదలంక చెరువుది. కొంగలంక వాళ్ళతో కలిపి ఇప్పుడు ఏడు వందల మంది తాగేది అదే. వేలు పెట్టడమే తరువాయి.

అప్పుడు చెప్పాను. నాకు రాయడం రాదని. రెండో క్లాసు దాకా పోయానని, చూస్తే అక్షరం గుర్తుపడతానని, గీయమంటే చెయ్యి తిరగదని. నలభై ఏళ్ళుగా వేలిముద్రతోనే గడుపుకొచ్చానని. గేటు మీద నా కింద పనిచేసే మనిషికి నేను చెప్పుకున్న మాట ఇది. చెప్పాక గాలి తగ్గిన టైరులాగా కూర్చున్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. జాలి కూడా పడలేదు.

"ఆ రోజే చెప్తే కొంగలంక నీళ్ళు తాగేది," అంది.

చైత్ర బహుళ ద్వాదశి. మట్టం ఆరడుగుల నాలుగు అంగుళాలు.

అయిదు రోజులుగా విరిగిన రెండో షట్టరు ఇనుము మీద సుద్దతో గీస్తున్నాను. పలక మీద నేర్చుకోవడానికి కుదరదు. చెయ్యి ఇరవై లెక్కపెట్టేంత సేపు ఆగితే తుడిచేస్తుంది. సౌభాగ్యం గీస్తుంది, నేను దాని పక్కన గీస్తాను. సున్న ఒక్కసారికే వచ్చింది. మమ్మల్ని ముంచింది అదే. 'నీ' దగ్గర గుడి ఎటు తిప్పాలో ప్రతిసారీ మరిచిపోతాను. 'భ' పొట్ట చీల్చడం మరీ కష్టం. గడ పట్టిన చెయ్యి ఇది, ఇరవై మణుగుల షట్టరుని చక్రం తిప్పి ఎత్తిన చెయ్యి. సుద్దముక్కని తిప్పలేకపోతోంది.

నా పలక నువ్వే తీసుకో, పెద్ద లస్కరువి నువ్వే అవ్వు అన్నాను. ఆమె సభకి దోనె పంపింది. పలక నా వేలి రాతే తీసుకుంటుంది, ఆ వేలు మార్చాలంటే నగరం నుంచి మనిషి రావాలట. వానల తర్వాత వస్తాడట.

నిన్న కొంగలంకలో ఒక ముసలామె ఉప్పునీళ్ళే తాగి వాంతులతో పోయింది. తన రెండు చెంబులూ ఇంట్లో బాలింతకి పోసేదట. పేరు చెప్పారు. నాకు తెలిసిన మనిషే. ఇంక ఇక్కడ రాయించను.

చైత్ర అమావాస్య. మట్టం ఆరడుగుల ఒక అంగుళం.

ఏడాది మొత్తంలో పెద్ద పోటు ఇవాళే. మధ్యాహ్నానికి అవతలి నీళ్ళు గేటు మీద ప్రమాదానికి గుర్తుగా వేసిన ఎర్రగీత దగ్గరికి వస్తాయని ముందే తెలుసు. కొంగలంక వాళ్ళు నీళ్ళకి వచ్చి తొట్టి దగ్గర వరసలో ఉన్నారు. భద్రయ్య నా వెనకే నిలబడ్డాడు.

పలక మోగింది. భద్రయ్య నా భుజం మీదుగా పైకి చదివాడు. తూర్పు గట్టు పగిలింది, చిలకలంక మునుగుతుంది, మూడో షట్టరు అడుగు ఎత్తి గట్టు మీద ఒత్తిడి తగ్గించు. కింద పెదలంక నీటిసభ.

చిలకలంక ఆ గట్టు కిందే ఉంది. సౌభాగ్యం వాళ్ళమ్మ అక్కడే ఉంది, మంచం దిగలేని మనిషి. ఇక్కడి నుంచి తూర్పు గట్టు కనపడదు. దోనె పోయి రావడానికి రెండు గంటలు పడుతుంది. పోటు గంటలో గీత దాటుతుంది. ఒక దోనెని పంపాం. కానీ అది వచ్చేదాకా ఆగితే జరగాల్సింది జరిగిపోతుంది. షట్టరు ఎత్తితే మిగిలిన మంచినీళ్ళు పోతాయి. ఎత్తకపోతే, గట్టు నిజంగా పగిలి ఉంటే, నాలుగు వందల మంది పోతారు.

పలక మీద రాయడం మొదలుపెట్టాను. అందరూ చూస్తున్నారు. మొదటిసారి 'నీ' దగ్గర చెయ్యి ఆగింది. తుడిచేసింది. రెండోసారి 'భ' దగ్గర తుడిచేసింది. వెనక ఎవరో ముసలాడికి రాతే రాదర్రా అన్నారు. నిజమే అన్నాను. తిరగకుండానే అన్నాను. మూడోసారి ఎనిమిది అక్షరాలూ సున్నా పడ్డాయి, తుడిచిపోకుండా పైనే నిలిచాయి. పెట్టె తెరుచుకుంది.

లోపల నిన్నటి బియ్యం కబురు ఉంది. ఇవాళ్టిది ఏమీ లేదు.

"దొంగదే," అన్నాను.

"రాసింది నువ్వు," అన్నాడు భద్రయ్య. "ఏం రాసావో నీకే తెలవదు. తప్పు రాసి వేరే పెట్టె తెరిచావేమో. ఆడ నిజంగా మునిగిపోతన్నారేమో."

 వాడన్నదే నేను కూడా అనుకుంటున్నాను. నా రాత మీద నాకే నమ్మకం లేదు. అక్షరాలు సంతలో తప్పిపోయిన పిల్లల్లాగా తలో దిక్కుకీ చూస్తున్నాయి. సౌభాగ్యాన్ని చదవమన్నాను. అందరికీ వినపడేలా చదవమన్నాను.

ఆమె వచ్చి పలక ముందు వంగింది. తప్పు రాశావని ఒక్క మాట అంటే చాలు, నేను వేలు పెట్టేసేవాడిని. వాళ్ళమ్మ బతుకుతుందని ఆమెకి అనిపించి ఉండదా? ఒక్కో అక్షరం మీద వేలు తగలకుండా గాలిలో పెట్టి చదివింది. పె. ద. లం. క. 'నీ' దగ్గర చాలాసేపు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"సరిగ్గానే ఉంది బాబాయ్," అంది. "పెట్టె మనదే."

తర్వాత గేటు అవతలి వైపు చూస్తూ నిలబడింది. నీళ్ళు గీతకి జానెడు కింద ఉన్నాయి. పలక మళ్ళీ మోగింది. గట్టు ఇంకో చోట పగిలిందని. మళ్ళీ మోగింది. మునిగినవాళ్ళ లెక్క చెబుతూ, పేర్లతో. అందులో వాళ్ళమ్మ పేరు ఉంది. మా మట్టం తెలిసినవాళ్ళకి మా మనుషుల పేర్లు తెలియడం ఒక లెక్కా? అయినా ఆ పేరు చూశాక నా చెయ్యి పలక మీదికి పోయింది. నేను పంపలేదు. దానంతటదే పోయింది. గొంతు దొంగిలించిన రోజు మా అన్న పిలిస్తే కదలని చెయ్యి ఇది.

"కట్టెయ్," అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టి గేటు ఇనపకమ్మీకి ఆనించాను. వలతాడుతో కట్టెయ్యమని, నేను తిట్టినా విప్పొద్దని చెప్పాను. ఆమె కట్టింది. భద్రయ్య ఆమె మీదికి రాబోతే వాడితో, నా వేలు తప్ప ఇది కదలదు, కావాలంటే నరుక్కుపో అన్నాను. వాడు కత్తి కోసం వెళ్ళలేదు. అక్కడే కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

నీళ్ళు గీత మీదికి వచ్చాయి. గీత కనపడలేదు. పలక మోగుతూనే ఉంది. గంట దాటిందో రెండు గంటలు దాటిందో నేను చెప్పలేను. సౌభాగ్యం ఒక్కసారి కూడా పలక వైపు తిరగలేదు. తూర్పుకే చూస్తూ నిలబడింది, పెదవి కొరుక్కుంటూ, రక్తం వచ్చేదాకా.

గీత మళ్ళీ తడితో పైకి తేలాక, చిలకలంక వైపు నుంచి దోనె వచ్చింది. దోనెవాడు దూరం నుంచే గడ అడ్డంగా తల మీదికి ఎత్తి చూపించాడు. గట్టు నిలిచే ఉంది. దగ్గరికొచ్చాక చెప్పాడు, అక్కడెవరూ ఏ పగులూ ఎరగరట. సౌభాగ్యం వాళ్ళమ్మ, ఇంత ఎండలో దోనె ఎందుకు పంపారని తిట్టిందట.

సౌభాగ్యం నా కట్టు విప్పడానికి వచ్చింది. తాడు తడిసి ముడి బిగుసుకుపోయింది. ఆమె వేళ్ళకి పట్టు దొరకలేదు. వంగి పళ్ళతో కొరికింది. భద్రయ్య లేచి వచ్చి, పట్టుకోమ్మా అని తాడు రెండో కొస ఎత్తి పట్టాడు.

ముడి వచ్చేసరికి నా బొటనవేలు నల్లబడింది. ఇప్పటికీ స్పర్శ లేదు. తొట్టి దగ్గర వరస మళ్ళీ నిలబెట్టాం. మనిషికి రెండు చెంబులు.